తొమ్మిదిని పదహారు చేసినవాడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. కంప్యూటర్ బాగుచేయమని తెచ్చి, పక్కనే నిలబడి "అదెందుకు విప్పారు, ఇదెందుకు ఊదారు" అని ఆరాలు తీసేవాళ్ళని నేను ఊరికే వదలను. అయినా జనం నా దగ్గరికే వస్తారు. పెద్ద షాపులవాళ్ళు పెదవి విరిచి "పారేసి కొత్తది కొనుక్కోండి" అన్న మిషన్లని నేను లేపి కూర్చోబెడతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే నా పని. మా ఇంటి ముందుగదే షాపు. ఒక పెద్ద బల్ల, దాని మీదకి వంగిన దీపం, గోడకి వేలాడే కేబుళ్ళు, అట్టపెట్టెల నిండా పాత బోర్డులు. అసలు పేరు ఎవరికీ గుర్తుండదు గానీ, పాతమిషన్లాయన అంటే పోస్టుమాన్ కూడా ఇల్లు చూపిస్తాడు.

ఈ సంగతి చెప్పడం నాకేమీ సరదా కాదు. ఇన్నాళ్ళూ దిగమింగుకుని కూర్చున్నాను, ఇక నావల్ల కావడం లేదు.

నాకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బక్కగా ఉండి, ఏది చూసినా మెడ ఓ పక్కకి వాల్చి చూసేది. అందుకని పిట్ట అని పిలిచేవాణ్ణి, అదే ఖాయమైపోయింది. తొమ్మిదో ఏట బళ్ళో చదరంగం నేర్చుకుని వచ్చింది. నెల తిరిగేసరికి నన్ను ఓడించింది. ఏడాది తిరిగేసరికి బళ్ళో నేర్పిన టీచరే వచ్చి, "దీనికి నేను చాలనండీ, మంచి మాస్టారి దగ్గర చేర్చండి" అని చేతులెత్తేసింది. ఆరోజు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

మాస్టారి దగ్గర చేర్చాక దానికోసం ఒక కంప్యూటర్ తయారుచేశాను. చచ్చిపోయిన మూడు మిషన్ల నుంచి ఒక్కటి పుట్టించానన్నమాట. పెట్టె ఒక లాయరు ఆఫీసుది, మదర్‌బోర్డు మూతబడిన టైపు ఇన్‌స్టిట్యూట్‌ది, ప్రాసెసర్ ఒక పళ్ళ డాక్టరుది. ఆ ప్రాసెసర్ అప్పటికే పాతది. అయితేనేం, గడియారంలా పనిచేసేది. అందులో చదరంగం ఇంజిన్ ఒకటి వేసి ఇచ్చాను. ఇంజిన్ అంటే ఆట ఆడే ప్రోగ్రాం. ఏ స్థితి పెట్టినా ఎవరిది పైచేయో అంకెల్లో చెబుతుంది, మంచి ఎత్తు చూపిస్తుంది. మా పిట్ట దాన్ని పెద్దాయన అనేది. అన్నం తింటూ తింటూ లేచి, "ఉండమ్మా, పెద్దాయన ఏమంటున్నాడో చూసొస్తా" అని పరిగెత్తేది. వాళ్ళమ్మ గరిటె పట్టుకుని వెనకాల పడేది.

అలా ఆరేళ్ళు గడిచాయి. పిట్టకి పదహారు నిండబోతున్నాయి. పెద్ద సెలెక్షన్ టోర్నమెంటుకి అదే ఆఖరి ఏడాది, ఆ పైన వయసు ఒప్పుకోదు. మొదటి ఇద్దరిని తీసుకుని రెండేళ్ళు శిక్షణ కేంద్రంలో పెట్టి, గ్రాండ్‌మాస్టర్ల చేత నేర్పిస్తారు. పిట్ట పుట్టి బుద్ధెరిగాక కోరిన కోరిక అదొక్కటే. బట్టలడగలేదు, సైకిలడగలేదు. గోడ మీద పెన్సిలుతో రోజులు లెక్కపెట్టుకునేది.

టోర్నమెంటుకి నాలుగు నెలలుందనగా మాస్టారు పోటీకి వెళ్ళే నలుగురు పిల్లల్నీ, తల్లిదండ్రుల్నీ పిలిచారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, మాట ఖచ్చితం. అందరికీ తలా ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చారు.

"ఇది మన ఇంజిన్ కొత్త వెర్షన్, పదహారు. పాత వెర్షన్ల మీద తయారవడం ఇక మానేయండి. ఇంకో మాట. నలుగురూ నా పిల్లలే, సీట్లు రెండే. ఒకరి ఎత్తులు చూసి ఇంకొకరికి చెప్పానన్న మాట నాకొద్దు. ఈ నాలుగు నెలలూ ఎవరి తయారీ వాళ్ళ ఇంట్లోనే. నాకు చూపించకండి, నేను చూడను."

తర్వాత నా వైపు తిరిగి, "మీ మిషన్ కాస్త పాతది కదండీ, ఇది దాని మీద ఆడుతుందంటారా? ఇబ్బందైతే చెప్పండి" అన్నారు. ఎంత మెత్తగా అడిగారో! చెప్పెయ్యొచ్చు కదా? పక్కన మందుల షాపాయన ఉన్నాడు. వాళ్ళమ్మాయి కూడా ఆ నలుగురిలో ఒకతి, లావు కళ్ళజోడు పిల్ల. ఆయన నవ్వి, "ఇంకా ఆ పాత సామాను మీదేనా మాస్టారూ? కొత్తది కొనిపించండి" అన్నాడు. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా చేతిలో ఆడని మిషన్ ఇంకా పుట్టలేదండీ" అన్నాను, అందరికీ వినబడేలా.

పిట్ట నా చెయ్యి పట్టుకుని గర్వంగా నిలబడింది.

మర్నాడు అది బడికెళ్ళాక పెన్‌డ్రైవ్ పెట్టాను. ప్రోగ్రాం నొక్కగానే ఒక నల్ల కిటికీ తెరుచుకుని, కన్నుమూసి తెరిచేలోగా మాయమైంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మాయం. ర్యామ్ మార్చాను, సిస్టం మొత్తం మళ్ళీ ఎక్కించాను. పొద్దున్న తొమ్మిదికి మొదలుపెట్టి నాలుగింటిదాకా టీ కూడా తాగకుండా దాని పీక పిసికాను. చివరికి తెలిసింది. కొత్త ఇంజిన్ని కొత్త ప్రాసెసర్లకి మాత్రమే తెలిసిన ఆదేశాలు కొన్ని వాడి తయారుచేశారు. నా ప్రాసెసర్ పుట్టేనాటికి ఆ ఆదేశాలు లేనేలేవు. తెలియని ఆదేశం ఎదురవగానే అది బిక్కచచ్చి ఆగిపోతోంది. ఇందులో విప్పి తుడిచేదేం లేదు, అతికించేదేం లేదు. ఆ బోర్డు మీద అంతకంటే కొత్త ప్రాసెసర్ కూర్చోదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చున్నాను.

ఒక్క ఫోను కొడితే సరిపోయేది. మాస్టారికి కొట్టి "ఆడటం లేదండీ" అంటే నా సొమ్మేం పోయేది? అనలేకపోయాను. ముందురోజు అన్న మాట అడ్డం పడింది.

అయిదింటికి పిట్ట వచ్చింది. సంచీ ఇంకా భుజం మీదే ఉంది. "ఆడుతోందా నాన్నా?"

"మొహం కడుక్కుని రా" అన్నాను.

అది వెళ్ళి వచ్చేలోగా చేశానా పని. చదరంగం బోర్డు చూపించే ప్రోగ్రాంలో ఇంజిన్ పేరు రాసే చోటు ఒకటుంటుంది. ఎవరికి ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టుకోవచ్చు. పాత ఇంజిన్ పేరు పక్కన తొమ్మిది అని ఉంది. దాన్ని చెరిపి పదహారు కొట్టాను. లోపల అదే తొమ్మిది, పైన రాత మాత్రం పదహారు. ఒక్క వారం ఆగితే ఎక్కడైనా కొత్త బోర్డు దొరుకుతుంది, గుట్టుచప్పుడు కాకుండా మార్చేద్దాం అనుకున్నాను. ఒట్టు, వారమే అనుకున్నాను.

పిట్ట కూర్చుని తెర చూసి కిలకిలా నవ్వింది. "నాన్న అంటే నాన్నే! మందుల షాపు అంకుల్‌కి ఫోన్ చేసి చెబుదామా?"

"వద్దులే, ఎందుకొచ్చిన గొడవ" అన్నాను.

నాలుగు రోజులయ్యాక అదే వచ్చి చెప్పింది. "పెద్దాయన భలే మారిపోయాడు నాన్నా. ఇదివరకటిలా కాదు, ఎంత లోతుగా చూస్తున్నాడో!" నేను ఏదో కేబుల్ సర్దుతున్నట్టు బల్ల కిందకి వంగిపోయాను. పిచ్చిపిల్ల. అంకె మారేసరికి దానికి అంతా మారినట్టే కనిపించింది.

మా ఆవిడ ఒక క్లినిక్‌లో పేషెంట్ల చీటీలు రాస్తుంది. చూపు తీక్షణం. నా మొహం చూసి రెండోరోజే అడిగింది, మూడోరోజు చెప్పేశాను. చేస్తున్న పని ఆపి నా వంక అలాగే చూసింది.

"ఇవాళే చెప్పండి దానికి."

"చెబుతాలే, బోర్డు దొరకనీ."

"బోర్డు గొడవ కాదండీ. పిల్ల దాన్ని నమ్మి కూర్చుంటోంది. మీకు కోపమైతే ముక్కు మీదకి ఇట్టే వస్తుంది, నిజం మాత్రం నాలిక మీదకి రాదేం?"

"నాకు చెప్పొచ్చావ్! నీకేం తెలుసు వీటి గురించి?" అని అరిచాను. తప్పు నాదైనప్పుడే నా గొంతు అంత పైకి లేస్తుందని ఆవిడకి తెలుసు.

రెండు నెలల తర్వాత బోర్డు దొరికింది కూడా. ఒక ఆఫీసువాళ్ళు అమ్మేసిన మిషన్లోది, కావలసిన ప్రాసెసర్‌తో సహా. ఆ సాయంత్రం పిట్టతో అన్నాను, "రెండ్రోజులు నీ మిషన్ ఇవ్వవే, కొంచెం బాగుచేస్తాను" అని. అది బెదిరిపోయింది. "ఇప్పుడా? అమ్మో, వద్దు నాన్నా! బాగానే ఉందిగా. నా ఎత్తులన్నీ అందులోనే ఉన్నాయి, ఏదైనా పోతే?" అంది. సరే అన్నాను. దాని మాట కాదనలేక సరే అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, ప్రాణం తేలికపడింది. బోర్డు అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేశాను.

టోర్నమెంటు మా ఊళ్ళోనే, ఒక కాలేజీ హాల్లో జరిగింది. పిట్ట రోజూ ఆడి ఇంటికొచ్చి, మర్నాటి ఆటకి పెద్దాయనతో తయారయ్యేది. ఎనిమిది ఆటలయ్యేసరికి మా పిట్ట మూడో స్థానంలో ఉంది. రెండో స్థానంలో కళ్ళజోడు పిల్ల, దీనికంటే అర పాయింటు పైన. ఆఖరి ఆట వాళ్ళిద్దరి మధ్యే పడింది. గెలిస్తే పిట్ట వెళుతుంది, డ్రా అయినా ఓడినా ఆ పిల్ల వెళుతుంది. ఇంతకంటే తేటగా ఉండదు.

ఆరోజు పొద్దున్న పిట్ట నాతో గుసగుసగా చెప్పింది. "ఆ అమ్మాయి ఎప్పుడూ ఒకే రకంగా మొదలెడుతుంది నాన్నా. దానికి నా దగ్గర మందుంది. పద్నాలుగో ఎత్తులో గుర్రాన్ని బలిస్తాను. పెద్దాయన గెలుపంటున్నాడు." అప్పుడైనా నోరు తెరవొచ్చు. ఆట ఇంకో గంటలో ఉంది, ఇప్పుడు చెబితే పిల్ల బెంబేలెత్తిపోతుందని సర్దిచెప్పుకున్నాను. నాకెప్పుడూ ఒక సాకు సిద్ధంగా ఉంటుంది.

తల్లిదండ్రుల్ని తాడు కట్టి అవతల నిలబెట్టారు. తెల్ల పావులు పిట్టవి. ఇద్దరూ గబగబా ఎత్తులు వేశారు. పద్నాలుగో ఎత్తు దగ్గర పిట్ట తలెత్తి, తాడు ఇవతల నన్ను వెతికి పట్టుకుని, కళ్ళతోనే నవ్వింది. గుర్రాన్ని బలిచ్చింది. కళ్ళజోడు పిల్ల ఆ గుర్రాన్ని చంపింది. పిట్ట మంత్రిని దించి రాజుకి చెక్ చెప్పింది.

ఆ పిల్ల ఆలోచించనుకూడా లేదు. రాజుని ఒక్క గడి పక్కకి జరిపి, గడియారం నొక్కి, నీళ్ళ సీసా మూత తీసి తాగింది.

పిట్ట చెయ్యి బోర్డు వైపు సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నలభై నిమిషాలు అలాగే కూర్చుంది. నాకు చదరంగం అంతగా రాదు, అయినా నా బిడ్డ వీపు చూస్తే నాకు తెలుసు. భుజాలు కొంచెం కొంచెంగా కిందకి జారాయి. ముప్పై నాలుగో ఎత్తులో చెయ్యి చాచి ఆ పిల్లకి షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

బయట వరండాలో మాస్టారు ల్యాప్‌టాప్ తెరిచి చూస్తున్నారు. మేము వెళ్ళేసరికి తల పంకిస్తున్నారు. "ఇదేమిటమ్మా, రాజు పక్కకి జరిగితే నీకేం లేదక్కడ. మూడు క్షణాల్లో చెబుతోంది చూడు. నువ్వు ఇంట్లో చూసుకోలేదా?"

"చూసుకున్నాను మాస్టారూ. గెలుపనే చెప్పింది."

"మీ దగ్గరున్నది పదహారే కదా?"

"పదహారే మాస్టారూ. నాన్న వేశారుగా." ఎంత నిబ్బరంగా చెప్పిందో!

మాస్టారు కాసేపు గడ్డం రుద్దుకున్నారు. "అయితే బంటు ఏదో తప్పు గడిలో పెట్టి చూసుంటావు. లేదా వేరే ఎత్తుల లైను దీనితో కలిపేసి గుర్తుపెట్టుకున్నావు. ఒత్తిడిలో అవుతుందమ్మా, బాధపడకు."

పిట్ట నేల వంక చూసి, "అంతే అయ్యుంటుంది" అంది.

నేను పక్కనే ఉన్నాను. రెండడుగుల దూరంలో. నా నోట్లో నాలికుంది. మందుల షాపాయన కూతురి భుజం మీద చెయ్యివేసి అటే వస్తున్నాడు. ఆ మనిషి వినేలా నా అబద్ధం నేను ఒప్పుకోవాలి, అంతే చేయాల్సింది. నేను పిట్ట సంచీ అందుకుని, "పద, ఎండెక్కుతోంది" అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంటికి రాగానే అది మిషన్ వేసి చూస్తుందని భయమేసింది. వాళ్ళమ్మ దాన్ని అక్కున చేర్చుకుని కూర్చోబెట్టిన సందు చూసి, నేను లోపలికెళ్ళి పెట్టె విప్పి డిస్కు పీకేశాను. "డిస్కు పోయిందే, ఎంత ఖర్మో చూడు, ఇవాళే పోవాలా" అని నాటకమాడాను. దాని నాలుగు నెలల ఎత్తులు, ఆరేళ్ళ ఆటలు నా జేబులో ఉన్నాయి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. కూతురి ముందు నన్ను బయటపెట్టలేక పెదవి కొరుక్కుంది.

వారం తిరక్కుండా ఆ టేపు వేసిన పెట్టె విప్పి, కొత్త బోర్డుతో మిషన్ కట్టి, అసలైన పదహారు వేసి ఇచ్చాను. దానితో నా పాపం కొట్టుకుపోతుందనుకున్నాను కాబోలు. పిట్ట ఆ స్థితి పెట్టి చూసింది. రెండో క్షణంలో రాజు ఎత్తు తెర మీదకొచ్చింది.

"చూశావా నాన్నా, వెంటనే చెప్పేస్తున్నాడు. నేనే తప్పు పెట్టి చూసుకున్నాను. నా బుర్ర అంతే."

మిషన్ ఆపేసి, పైన గుడ్డ కప్పింది. మాస్టారి దగ్గరికి వెళ్ళడం మానేసింది. ఆయన రెండుసార్లు ఇంటికొచ్చి అడిగారు. "నాకు గుర్తుండట్లేదు మాస్టారూ. కళ్ళెదురుగా ఉన్నది కూడా తప్పు చూస్తున్నాను. నాకు ఇది రాదు" అని నవ్వుతూ చెప్పి పంపేసింది.

ఆ నవ్వు చూడలేకపోయేవాణ్ణి. కాలేజీలో చేరింది. ఏ పనైనా రెండుసార్లు, మూడుసార్లు చూసుకోవడం మొదలెట్టింది. తాళం వేసి నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి లాగి చూసేది. అరచేతిలో పెన్నుతో రాసుకునేది, ఏం తేవాలో, ఎన్నింటికి వెళ్ళాలో. పరీక్షలో తెలిసిన లెక్క కూడా కొట్టేసి మళ్ళీ చేస్తూ కూర్చుని సగం పేపరు వదిలేసి వచ్చిందట. పదహారేళ్ళ పిల్ల ఇలా ఉంటుందా? ఆరేళ్ళ కిందటి ఆట పావులు కదపకుండా నోటితో చెప్పిన పిల్ల! దాని మీద దానికి నమ్మకం పోయింది, ఆ నమ్మకం తిన్నవాణ్ణి నేను.

పదకొండు నెలలు గడిచాయి. మొన్నామధ్య మాస్టారు ల్యాప్‌టాప్ ఫ్యాను మోగుతోందని షాపుకొచ్చారు. నేను విప్పుతుంటే ఊసుపోక మాట్లాడుతున్నారు.

"కొత్తగా చేరినవాళ్ళకి పాత మిషన్ ఉందండీ, మీ అమ్మాయికి ఉండేదే, అలాంటిది. దాని మీద పదహారు తెరుచుకోనంటుంది కదా. వాళ్ళ కోసం వేరే ఫైలు ఉంటుంది, అదిచ్చాను. కాస్త నిదానంగా ఆలోచిస్తుంది, అంతే, ఆట మాత్రం అదే. మీరూ అదే వేసుంటారు."

విప్పడం ఆపాను. "వేరే ఫైలా?"

"ఇంజిన్ డౌన్‌లోడ్ చేసుకునే పేజీలో కిందే ఉంటుందండీ. పాత ప్రాసెసర్లకి అని రాసి మరీ పెడతారు. మీకు తెలియకపోవడమేంటి!"

నాకు తెలియదు. ఏడు గంటలు ఆ మిషన్ పీక పిసికాను గానీ, ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. అడగడమంటే నాకు నామోషీ. మాస్టారు వెళ్ళాక ఆ పేజీ తెరిచి చూశాను. ఉంది. వేలెడంత వరుసలో, ఎవరికైనా కనిపించేలా.

మా ఆవిడ క్లినిక్ నుంచి వచ్చేసరికి నేను అలాగే కూర్చునున్నాను. అంతా విని, చెప్పుల్లోనే నిలబడి అంది. "ఆదివారం దాకా చూస్తాను. మీరు చెప్పకపోతే నేను చెబుతాను. నేను చెబితే అది మిమ్మల్ని ఎప్పటికీ క్షమించదు, ఆలోచించుకోండి."

ఆదివారం మధ్యాహ్నం షాపులో జనం లేరు. పిట్ట నాకు సాయంగా, బాగుచేసిన మిషన్ల మీద పేర్లు రాసి అంటిస్తోంది. నేను కుర్చీ దాని వైపు తిప్పుకుని మొదలుపెట్టాను. పెన్‌డ్రైవ్, నల్ల కిటికీ, తొమ్మిది, పదహారు, పీకేసిన డిస్కు, మాస్టారు చెప్పిన ఫైలు. ఏదీ దాచలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అది అరుస్తుందని, చేతిలోది విసిరికొడుతుందని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది.

అది పెన్నుకి మూత పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అంటే నేను పెట్టిన స్థితి కరెక్టేనా?"

"కరెక్టే తల్లీ."

"బంటులన్నీ సరైన గడుల్లోనే ఉన్నాయి?"

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ డిస్కు నా దగ్గరే ఉంది. చూశాను. నువ్వు ఒక్కటి కూడా తప్పు పెట్టలేదు."

పిట్ట తల ఊపింది. రాస్తున్న కాగితాన్ని బల్ల మీద పెట్టి రెండు చేతులతో చదును చేసింది.

"నీకో సంగతి తెలుసా నాన్నా? ఆ రాజు ఎత్తు నాకు ముందురోజు సాయంత్రమే కనిపించింది."

నాకు అర్థం కాలేదు.

"నాకే కనిపించింది. రాజు పక్కకి జరిగితే నా గుర్రం ఉత్తినే పోతుంది కదా అనిపించింది. గంటసేపు తిప్పి తిప్పి చూశాను. ఎటు చూసినా నేనే ఓడిపోతున్నాను. వేరే లైను కూడా అనుకున్నాను, గుర్రాన్ని బలివ్వకుండా. మళ్ళీ పెద్దాయన్ని అడిగాను. ఏం కాదు, గెలుపే అన్నాడు. పదహారు కదా, దానికంటే నాకెక్కువ తెలుసా అని నన్ను నేనే తిట్టుకుని మూసేశాను." నా వైపు తిరిగింది. "నాకు వచ్చు నాన్నా. నాకు ఆట వచ్చు."

"వచ్చే తల్లీ, నీకు వచ్చు! ఇప్పుడైనా మళ్ళీ మొదలుపెట్టు. రేపే మాస్టారి కాళ్ళు పట్టుకుంటాను, అందరిముందూ చెబుతాను..."

"ఆ సీటు వయసు దాటిపోయింది కదా నాన్నా." కోపంగా అనలేదు, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పింది. "అయినా అది కాదు. మొన్న కాలేజీలో ఎవరో బోర్డు పరిస్తే కూర్చున్నాను. నాలుగో ఎత్తుకే చెయ్యి వణికింది. ఏ ఎత్తు చూసినా తప్పేమో, తప్పేమో అనిపిస్తుంది. ఇప్పుడు నువ్వు చెప్పావని చెయ్యి వింటుందా? ఆరోజు వరండాలో చెప్పాల్సింది."

నాకు ఏడుపు ఆగలేదు. మనిషంతా కదిలిపోయి, కుర్చీలోంచి బల్ల పక్కన నేల మీదకి జారి కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పిట్ట లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. "ఊరుకో నాన్నా. ఎవరైనా చూస్తారు" అంది.

అంతలోనే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మందుల షాపాయన గొంతు, "పాతమిషన్లాయనా, ఉన్నావా?" అంటూ. పిట్ట గబుక్కున బయటికెళ్ళి షట్టర్ సగం దించేసి, దాని ముందు నిలబడింది.

"నాన్న లేరంకుల్. బయటికెళ్ళారు, సాయంత్రం రండి."

బల్ల పక్కన కూర్చుని ఆ మాట విన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.